మూడు ఊళ్ళకీ ఒకటే తేదీ

సుంకమ్మ కుంట జూన్ తొమ్మిది నుంచి జూలై ఏడుకు జరిగిపోయింది.

లక్ష్మీప్రసన్న కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. జూలై ఏడే. ఫైలు మూసి తెరిచింది. గిన్నె మీద మూత తీసి మళ్ళీ పెట్టినంత మాత్రాన లోపలి కూర మారుతుందా? జూలై ఏడు కదల్లేదు.

కొత్తచెరువు బస్టాండు వెనక మేడమీద ఉన్న ఆ ఆఫీసులో ఆమెకు పదకొండేళ్ళ కొలువు. చేలల్లో కుంటలు తవ్వించే సంస్థ అది. వాన పడినప్పుడు చేను దాటి పారిపోయే నీళ్ళు కుంటలో నిలుస్తాయి. ఆ తర్వాత నెలా నెలన్నర చినుకు మొహం చాటేసినా శనక్కాయకు ఒక తడి ఇచ్చుకోవచ్చు. ఈ ఏడు మూడు ఊళ్ళు, ఊరికి నాలుగు కుంటలు. ఊరికో ఫైలు చొప్పున కంప్యూటర్లో పనుల వరస వేసి పెట్టడం ప్రసన్న పని.

ఫైలు తెరవగానే సాఫ్ట్‌వేర్ ముందు అడిగేది ఒకటే. మొదలు తేదీ ఎప్పుడు? ఏప్రిల్లో అది అడిగినప్పుడు ప్రసన్న ఇంటికి ఫోన్ చేసి అత్తను అడిగింది. అత్త పద్మావతమ్మ గోడమీది క్యాలెండరు చూసి, ఎనిమిదిన మృగశిర కార్తె వస్తుంది, మర్నాడు సోమవారం దివ్యంగా ఉందని చెప్పింది. అంగట్లో కొత్త సరుకు దించాలన్నా రోజు చూడందే చెయ్యి పెట్టని ఇల్లు వాళ్ళది. మంచిరోజు ఎవరికైనా మంచిరోజే కదా అని ప్రసన్న మూడు ఫైళ్ళలోనూ తొమ్మిదే వేసింది. ఏ ఫైలుకు ఆ ఫైలు చూస్తే ముచ్చటగా ఉండేది.

ఈ వారం మేనేజరు రామాంజనేయులు, మూడింటినీ ఒక పెద్ద ఫైల్లోకి తెచ్చి ఒకదానికొకటి ముడివెయ్యమన్నాడు. తవ్వే జేసీబీ ఒక్కటే. మొదటి ఊరు అయ్యాక రెండోది, రెండోది అయ్యాక మూడోది. ప్రసన్న రెండు లింకులు వేసిందో లేదో, రెండో ఊరు జూన్ ఇరవైమూడుకు, మూడో ఊరు జూలై ఏడుకు గంతులేసి కూర్చున్నాయి. మూడో ఊరు నల్లమాడ దగ్గర. అందులో మొదటి కుంట సుంకమ్మది.

తెర మీద తేదీ మారితే దిద్దుకోవచ్చు. మొన్న మే నెలలో సుంకమ్మ చేలో నిలబడి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగుతూ, "తొమ్మిదో తేదీ జేసీబీ నీ చేలో ఉంటుంది, రాసి పెట్టుకో" అని నోటితో చెప్పి వచ్చింది ప్రసన్న. ఆ మాట పట్టుకుని సుంకమ్మ తన ఎకరాన్నర చేను విత్తకుండా ఆపుకుంది. ఊళ్ళో విత్తనం వేసే ట్రాక్టరు ఆదెప్పది. వాన పడితే ఎవరి తర్వాత ఎవరి చేనో ముందే వరస అనుకుంటారు. అందులో తన వంతు వదిలేసుకుంది. ఆ రోజు పొద్దున పది గంటలకే ఫోన్ చేసింది కూడా.

"మేడమ్మా, మబ్బులు పడతాండాయి. నా చేనొకటే ఖాళీగా పెట్టుకోనుండా. తొమ్మిదికి వస్తాది గదా?"

"వస్తుంది సుంకమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?"

విసుక్కుంది కూడా. లింకులు వేసింది మధ్యాహ్నం ఒంటిగంటకు.

ప్రసన్న లేచి రామాంజనేయులు గదిలోకి వెళ్ళి సంగతి చెప్పింది. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "లింకు తీసెయ్ మేడం" అన్నాడు.

"తీస్తే మూడింటికీ మళ్ళీ తొమ్మిదే చూపిస్తుంది సార్."

"చూపించనీ. పదహారుకు దాతల మనుషులు వస్తాండారు. తేదీలన్నీ దగ్గర దగ్గరగా ఉంటే చూసేవాళ్ళకు బాగుంటాది."

"జేసీబీ ఒకటే కదా సార్?"

"అది నాకు తెలీదా? కాగితం కాగితమే, పని పనే. మొదటి ఊరు రోడ్డు పక్కన ఉండాది. కారు దిగినోళ్ళకు ఆడ గుంత కనపడితే చాలు. మూడో ఊరికి వాళ్ళు యాడ పోతారు?"

ప్రసన్న తిరిగి వచ్చి లింకు తీసింది. సుంకమ్మ కుంట బుద్ధిమంతుడిలా జూన్ తొమ్మిదికి వచ్చేసింది. లింకు వేసింది. జూలై ఏడు. తీసింది. వేసింది. పక్కన పెట్టుకున్న టీ మీద మీగడ కట్టింది. ఏది నిజమో ఆమెకు తెలుసు. తెలిశాక సీట్లో కూర్చోవడం కష్టమైపోయింది. కిటికీ దగ్గరికి పోయి చూస్తే పడమటి వైపు మబ్బు, గాలి. కొత్తచెరువు మొత్తం ఆ మబ్బును చూసి సంతోషపడుతోంది. ఆమె ఒక్కతే, ఇంకో నాలుగు రోజులు ఆగకూడదా అని దానికి లోలోపల దండం పెట్టుకుంది.

రాత్రి భోజనాల దగ్గర భర్త వేణుగోపాల్ ఆమె కంచం వైపు చూసి, "ఏం ప్రసన్నా, చారులో పప్పు పోసుకుని మజ్జిగ అనుకుని తింటాండావు?" అన్నాడు. ఆయనకు స్టీలు సామాన్ల అంగడి. పొద్దున్నుంచి గిన్నెల చప్పుడులో ఉండి ఇంటికొచ్చాక కూడా గట్టిగానే మాట్లాడతాడు. ఆమె చెప్పింది. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఒకే ముహూర్తానికి మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్న అయ్యవారి మాదిరి చేసినావు గదే!"

"మంచిరోజు చెప్పింది మీ అమ్మే."

"నన్ను మధ్యలోకి లాగొద్దు. నేను రోజు చెప్పినా గాని, ముగ్గురికి పంచమని చెప్పినానా?" అని పద్మావతమ్మ గదిలోంచే అందుకుంది.

"ఫోన్ చేసి చెప్పెయ్, తేదీ మారిందని. దానికి అన్నం మానుకోవాల్నా?" అన్నాడు వేణుగోపాల్.

ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. సుంకమ్మ పేరు మీద వేలు పెట్టి తీసేసింది. చేలో నిలబడి చెప్పిన మాటను ఫోన్లో ఎలా వెనక్కి తీసుకోవడం? ఆరేసిన బట్టలు తెచ్చి మడతపెట్టింది. మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మర్నాడు శుక్రవారం. ఆఫీసుకు సెలవు చెప్పి నల్లమాడ బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో. చేను చేరేసరికి పదకొండయింది. సుంకమ్మ చేలో రాళ్ళు ఏరి గెనిమ మీద, చేను గట్టు మీద, కుప్ప వేస్తోంది. యాభై దాటిన మనిషి. మొగుడు పోయాక ఆ చేను ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ప్రసన్నను చూసి చేతులు దులుపుకుంది.

"ఏం మేడమ్మా, తొమ్మిదో తేదీ అంటివి, ఈపొద్దే వస్తివి? జేసీబీ నీ సంచిలో ఉండాదా?"

ప్రసన్న నవ్వలేకపోయింది. నిలబడే చెప్పేసింది. తప్పు తనదేనని, మూడు ఊళ్ళకూ ఒకే తేదీ వేశానని, లెక్క సరిచేస్తే జూలై ఏడు వస్తోందని. "ఈలోపు నువ్వు విత్తేసుకో సుంకమ్మా, కుంట తవ్వే చోటొకటి వదిలిపెట్టి" అని బస్సులో కూడగట్టుకుని వచ్చిన మాట కూడా చెప్పింది.

సుంకమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. చెయ్యి ఎత్తి చుట్టూ చూపించింది.

"నా చేను నడిమధ్యలో ఉండాది. బాట నుంచి ఈడికి రావాలంటే ఆదెప్ప చేను దాటాల, ఎర్రప్ప చేను దాటాల. రేపో ఎల్లుండో వాన పడితే వాళ్ళు ఇత్తుతారు. జూలై ఏడుకు మొలక జానెడు ఉంటాది. మీ జేసీబీ ఎవరి శెనక్కాయ తొక్కుకొని వస్తాది? చెప్పు."

ప్రసన్న మనసులోనే ఫైళ్ళు తిరగేసింది. పన్నెండు కుంటలకు కొలతలు రాసింది. ఏ కుంటకు ఎన్ని గంటలు పడుతుందో రాసింది. దారి గురించి ఒక్క గడి కూడా లేదు ఆ ఫైళ్ళలో.

"మళ్ళా పంట ఎత్తినాకనే దారి. అప్పటికి వానలుండవు. అంటే వచ్చే ఏడు" అంది సుంకమ్మ. "పోయిన ఏడూ వచ్చే ఏడన్నారు."

"మిగిలిన మూడు కుంటలకు దారి ఎట్లుంది?"

"అవి బాట పక్కనవే. వాటికేం, ఎప్పుడైనా తవ్వుకోవచ్చు."

ప్రసన్న ఎండలో అటూ ఇటూ నడిచింది. మొదటి ఊరి కుంటలు నాలుగూ రోడ్డు పక్కనవే. రెండో ఊరివీ అంతే. అందరికంటే తొందర ఉన్నది ఈ ఒక్క చేనుకు. తను దాన్ని అందరికంటే చివర కట్టింది. ఊరికి ఊరు ముడివేసింది గాని కుంటకు కుంట చూడలేదు.

గెనిమ మీదే కూర్చుని రామాంజనేయులుకు ఫోన్ చేసింది.

"సార్, మూడో ఊరి నుంచి సుంకమ్మ కుంట ఒకటి విడదీసి ముందుకు తెస్తాను. తొమ్మిది, పది, పదకొండు ఇక్కడ. పన్నెండున జేసీబీ మొదటి ఊరికి వస్తుంది."

"సెలవు పెట్టి ఆడికి పోయినావా? మేడం, పదహారుకు వాళ్ళు..."

"పన్నెండుకు మొదలుపెడితే పదహారుకు ఒక కుంట పూర్తిగా కనపడుతుంది సార్. కారు దిగినవాళ్ళకు గుంత కనపడితే చాలన్నారు కదా."



"రేపు ఇంకొకరు వచ్చి నాదీ ముందుకు తెమ్మంటే?"

"వాళ్ళ దారి కూడా చూసి వస్తాను సార్."

"చూస్తావులే నువ్వు" అన్నాడు రామాంజనేయులు. "పదహారుకు ఆడ గుంత లేకపోతే వాళ్ళ ముందర నిన్ను నిలబెడతా. నేను నిలబడను."

ఆ తర్వాత జేసీబీ డ్రైవరు వీరేష్‌కు చేసింది. బండి పోవడానికి ఎంత వెడల్పు కావాలని అడిగింది. "ఎనిమిదడుగులు చాలక్కా. పదైతే నిమ్మళం" అన్నాడతను.

ఈ మాటల చప్పుడుకు ఎర్రప్ప చేను దాటి ఆదెప్ప వచ్చాడు. సుంకమ్మ ఆయన్ని కూర్చోనివ్వలేదు. "అన్నా, నీ చేలో పదడుగులు ఇత్తకుండా వదులు. బాట కాడి నుంచి ఎర్రప్ప గెనిమ దాకా."

"పదడుగులా? నీ కుంటకు నా చేను కోయాల్నా?"

"జేసీబీ పోయినాక నువ్వే ఇత్తుకో. ట్రాక్టరు నీదే గదా, ఎవురినన్నా అడగాల్నా?"

ఆదెప్ప తల గోక్కుని సరేనన్నాడు. "మరి నీ చేనెప్పుడు ఇత్తేది? కుంట పని ముగిసేలోపల పదును ఆరిపోతాది." పదును అంటే విత్తనం మొలిచేటంత తేమ. ఈ ఎర్రనేలలో అది నాలుగు రోజులు నిలిస్తే గొప్ప.

 కుంట అయ్యాకే విత్తడమని ప్రసన్న ఫైల్లో ఉంది.

"కుంట ముగిసేదాకా ఎందుకుండాల?" అంది సుంకమ్మ. "అది ఆ మూల తవ్వుతానే ఉండనీ. ఈ పక్క నువ్వు ఇత్తనం వెయ్. రెండూ ఒకేసారి మొదలైతే ఏమొస్తాది?"

ఒకటి ముగిస్తేనే ఇంకొకటి అని ప్రతి పనినీ తోకకు తల తగిలించడమే ప్రసన్నకు అలవాటు. రెండు పనులకూ ఒకే మొదలు కట్టే లింకు కూడా ఉందని శిక్షణలో ఎప్పుడో చెప్పారు. ఎప్పుడూ వాడలేదు.

"ఎర్రప్పను ఎవరు అడుగుతారు?" అని అడిగింది.

"కదిరికి పోయినాడు. వస్తానే నేను చెప్తాలే" అంది సుంకమ్మ.

శనివారం ప్రసన్న ఆఫీసులో కూర్చుని పెద్ద ఫైలును మొత్తం విప్పి కట్టింది. సుంకమ్మ కుంట అన్నిటికంటే పైన నిలబడింది. తేదీలు కుదిరాయి. అయినా మనసు కుదరలేదు. ఎర్రప్ప పేరు రాయడానికి అందులో చోటు లేదు.

ఆ సాయంత్రం ఆరుకు వాన పడింది. అట్లాంటిట్లాంటి వాన కాదు. వేణుగోపాల్ అంగడి మూసి తడుస్తూనే వచ్చాడు. వీధిలో పిల్లలు కేకలు. పద్మావతమ్మ వరండాలోకి కుర్చీ వేయించుకుని, మృగశిర ఇంకా రానేలేదు, ఎంత మంచి వాన అని మురిసింది. ప్రసన్న సుంకమ్మకు ఫోన్ చేసింది. తియ్యలేదు. ఆదివారం పొద్దున చేసింది. మధ్యాహ్నం చేసింది. పదునైన రోజు ఫోన్ చేతిలో పట్టుకుని చేలో ఎవరుంటారు?

"ఇంకోసారి చేసినావంటే ఆ ఫోనే అరిగిపోతాది" అన్నాడు వేణుగోపాల్. మళ్ళీ తనే, "రేపు పొద్దున మొదటి బస్సుకు నేను దించుతాలే" అన్నాడు.

సోమవారం ఎనిమిదిన్నరకు ప్రసన్న చేరేసరికి జేసీబీ ఆదెప్ప చేను దాటి ఎర్రప్ప గెనిమ దగ్గర ఆగి ఉంది. ఇంజను ఆడుతోంది. వీరేష్ దిగి బీడీ కాలుస్తున్నాడు. ఆదెప్ప మాట నిలబెట్టుకుని పదడుగులు వదిలాడు. ఎర్రప్ప చేను మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా విత్తి ఉంది. సాళ్ళు గీసినట్టు ఉన్నాయి. చేనుకు అడ్డంగా ఎర్రప్ప. ఎదురుగా సుంకమ్మ.

"చెప్పినా గదన్నా నీకు, పదడుగులు వదలమని!"

"చూద్దాం అంటి. వదుల్తా అన్నానా?" అన్నాడు ఎర్రప్ప. ఎండకు మాడిన సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. "వదిలితే మళ్ళా ఆ రెండు సాళ్ళ కోసం ట్రాక్టరు వస్తాదా? ఆదెప్ప తనదైతే ఇత్తుకుంటాడు. నా కాడికి పిలిస్తే రేపంటాడు. రేపు పదునుంటాదా?"

వెనక ట్రాక్టరు మీద కూర్చున్న ఆదెప్ప అటు తిరిగి స్టీరింగు తుడుచుకున్నాడు. అది నిజమే మరి.

"అక్కా, ఏం చెయ్యాల? పన్నెండో తేదీకి మొదటి ఊరికి పోవాల కదా నేను" అన్నాడు వీరేష్ ప్రసన్నతో.

ప్రసన్న ఎర్రప్ప దగ్గరికి పోయింది. చెప్పులకు ఎర్రమట్టి అంటుకుని అడుగు బరువుగా పడుతోంది. "అన్నా, తప్పంతా నాది. తేదీలు సరిగా వేసుంటే వాన కంటే ముందే బండి వచ్చి పోయేది."

"తప్పు నీదంటే నా ఇత్తనం మొలుస్తాదా తల్లీ?"

 సుంకమ్మ మధ్యలోకి వచ్చింది.

"ఎర్రన్నా, ఇను. నీ చేలో పదడుగులు పోతాది. పోనీ. కుంటలో నీళ్ళు నిలబడినాక మొదటి తడి నీ చేనుకు. నీ చేను తడిసినాకనే నా చేను."

"ఏమంటివి?"

"ఇనపడలేదా? మొదటి తడి నీదే."

 రెండేళ్ళు ఎదురుచూసిన కుంట. అందులో ఇంకా నీళ్ళు కాదు, గుంతే లేదు. లేని నీళ్ళలో మొదటి వంతు ఇచ్చేసింది సుంకమ్మ. ఎర్రప్ప తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. విత్తిన సాళ్ళ వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు, చివరికి ప్రసన్న వైపు తిరిగాడు.

"నువ్వు ఆఫీసు మనిషివి. అన్నీ రాసుకోనుంటారు. ఈ కుంటలో నీళ్ళు ఎప్పటికొస్తాయి? నా చేనుకు తడి ఎప్పటికొస్తాది? ఒక తేదీ చెప్పు. నీ మాట మీద బండి దాటిస్తా."

సుంకమ్మ ఆమె వైపు చూసింది. చెప్పెయ్ అన్నట్టు ఉంది ఆ చూపు. ఆగస్టు పదిహేను అన్నా సరే, ఏదో ఒకటి అంటే బండి కదులుతుంది. ప్రసన్నకు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మే నెలలో సుంకమ్మ చేలో అంతే తేలిగ్గా వచ్చింది.

"తెలీదన్నా" అంది.

"తెలీదా?"

"ఈ బండి బుధవారం సాయంత్రానికి గుంత తవ్వి పోతుంది. అంతవరకే నాకు తెలుసు. ఆపైన వాన. వాన పడకపోతే నీకూ లేదు, సుంకమ్మకూ లేదు."

సుంకమ్మ తల కొట్టుకున్నంత పని చేసింది. ఎర్రప్ప ప్రసన్నను ఎగాదిగా చూశాడు.

"ఈమె యాడ దొరికిందే నీకు?" అన్నాడు సుంకమ్మతో. "తేదీ చెప్పమంటే గూడా చెప్పదు."

"ఒకసారి చెప్పింది. చెప్పి ఇదో, ఇట్లా నిలబడుకోనుంది" అంది సుంకమ్మ కసిగా.

ఎర్రప్ప నవ్వాడో దగ్గాడో తెలియలేదు. వంగి గెనిమ మీద రాళ్ళు రెండు పక్కకు తోశాడు. "అప్పా వీరేషూ, గెనిమ వారగా రా. ఒక్క సాలు ఎక్కువ తొక్కినావంటే బండి ఈడే ఉంటాది. మొదటి తడి నాదే, అందరూ ఇన్నారు కదా." అని అటు తిరిగి నిలబడ్డాడు. తన చేను మీద చక్రాలు ఎక్కడం చూడలేక కాబోలు.

జేసీబీ గెనిమ ఎక్కి దిగింది. నిన్న పొద్దున వేసిన సాళ్ళు చక్రాల కింద చదునైపోతున్నాయి. ప్రసన్న ఆ మట్టి వైపు చూడకుండా ఉండలేకపోయింది. ఎర్రప్ప చెయ్యలేని పని ఆమె చేసింది, చివరిదాకా చూసింది. అప్పటికే ఆదెప్ప ట్రాక్టరు జేసీబీ వెనకే, తొక్కిన జాడలోనే, సుంకమ్మ చేలోకి మళ్ళింది. సుంకమ్మ విత్తనాల మూట నెత్తికెత్తుకుని ట్రాక్టరుకు అడ్డంగా పరుగెత్తుతోంది.

సంచిలో ఫోన్ మోగింది. రామాంజనేయులు. "మొదలైందా మేడం? ఎన్ని గంటలకు మొదలైందని రాయాల?"

జేసీబీ తొట్టి నేలను తాకింది. ఎర్రటి మట్టి పైకి లేచింది. ప్రసన్న గడియారం చూసుకుంటూ ఉండగానే సుంకమ్మ కేక వేసింది.

"మేడమ్మా, ఆడ నిలబడొద్దు! మట్టి పోసేది ఆడనే. ఈ పక్కకొచ్చి మూట పట్టుకో!"

ప్రసన్న ఫోన్ సంచిలో పడేసి, చెప్పులు విప్పి, మూట అందుకోవడానికి పోయింది.